రోహిణిలో దొంగవాన

కృత్తిక కార్తె ముగియడానికి ఇంకా నాలుగు రోజులుందనగా వకీలు వెంకటనారాయణ గారి తోట బంగళా ముందుకు రెండెడ్ల బండి వచ్చి నిలబడింది. బండి నిండా షాబాదు బండలు. మేస్త్రీ బాలనర్సయ్య కిందికి దిగి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఐలన్నా, ఎక్కడ దింపాలె?"

తోటమాలి ఐలయ్య గేటు పక్కన మల్లె పాదులు చేస్తున్నాడు. తలెత్తి బండలను చూశాడు. చూసి మళ్లీ పాదులోకి వంగాడు.

"నిన్నే అడుగుతున్న."

"ఎందుకవి?"

"వకీల్ సాబు పంపమన్నడు. ముందలి గరికంత చెక్కేసి బండలు పరువాలెనట. వానలు పడకముందే కావాలె అన్నడు."

ఐలయ్య లేచి, ప్రహరీ వారగా చెయ్యి చూపించాడు. బాలనర్సయ్య మనుషులు బండలు దింపుతుంటే ఒక్కొక్క బండ చప్పుడూ అతనికి గుండెలో దిగినట్టుంది.

రాయదుర్గం గుట్టల వెనక, కొండాపురం పోయే బండ్లబాట పక్కన ఉండేది ఆ బంగళా. చుట్టూ రాళ్లు, రాళ్ల సందున సీతాఫలం పొదలు. అంత రాతి నేలలో బంగళా ముందు మాత్రం పరుపు పరిచినట్టు గరిక. ఇరవై రెండేళ్ల కింద ఐలయ్య చెరువు గట్టు నుంచి గంపలతో తెచ్చి, కణుపు కణుపూ విడదీసి జానెడు దూరాన నాటిన గరిక అది. దాన్ని పెంచింది వకీలు గారి తల్లి సత్తెమ్మ కోసమే.

సత్తెమ్మకు చక్కెర బీమారి. అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. రోజూ తెల్లవారుజామున మంచు దిగిన గరిక మీద గడియసేపు ఒట్టి కాళ్లతో నడిస్తే ఆ పూటకు మంట చల్లారేది. నడిచొచ్చి, కాఫీ తాగి, "ఈ దినం ఎళ్లిపోయినట్టే ఐలయ్యా," అనేది.

అయితే ఆ బీమారికి ఒక వింత గుణం ఉంది. లోపలి మంట తెలుస్తుంది గాని పైనుంచి గుచ్చుకున్నది తెలియదు. పోయిన కార్తీకంలో గరికలో పల్లేరు ముల్లు ఒకటి ఆమె ఎడమ కాలిలో దిగింది. ఆమెకు తెలియలేదు. మూడు రోజుల తర్వాత పక్కదుప్పటికి మరక చూసి కోడలు కేక వేసేసరికి చిటికెన వేలు నల్లబడిపోయింది. పెద్ద దవాఖానలో వేలు తీసేశారు. ఈసారి ముల్లు దిగితే పోయేది వేలు కాదు, కాలు, అని డాక్టరు చెప్పి పంపాడు.

అప్పటి నుంచి సత్తెమ్మ గరిక మీద కాలు పెట్టలేదు. కొడుకు మెత్తటి చెప్పులు తెప్పించాడు. చెప్పులతో నడిస్తే మంట తగ్గదు. వరండాలో కుర్చీ వేసుకుని, ఐలయ్య తెచ్చిపెట్టిన నీళ్ల పళ్లెంలో పాదాలు పెట్టుకుని, ఎదురుగా ఉన్న పచ్చిక వైపు చూస్తూ కూర్చునేది. నీళ్లు ఇట్టే వేడెక్కిపోయేవి. ఐలయ్య మళ్లీ మార్చేవాడు.

ఆ సాయంత్రం వకీలు గారి మోటారు వచ్చింది. ఆయన వరండాలో బూట్లు విప్పకముందే ఐలయ్య మెట్ల కింద నిలబడ్డాడు. పిలవనిదే అతను వచ్చి నిలబడటం అరుదు. ఏడాదికి వంద మాటలు మాట్లాడితే ఎక్కువ.

"దొరా, ఒక్క మాట."

"చెప్పు."

"బండలు ఇప్పుడే వద్దు. ఆరుద్ర దాకా ఆగుండ్రి. పల్లేరు లేకుంట చేస్త."

"పోయినేడు కలుపు తీసినవా, తియ్యలేదా?"

"తీసిన."

"మరి మా అమ్మ కాల్ల దిగిన ముల్లు ఎక్కడిది?"

ఐలయ్య నేల చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు అతనికి తెలుసు. ఏడు నెలలుగా అది అతని గొంతులోనే ఉంది.

"వాన పడ్డంక అన్నీ ఒక్కసారి లేస్తయ్," అన్నారు వకీలు. "గరిక ఏదో, కలుపు ఏదో తెలువదు. నువ్వు ఎంత తీసినా నాలుగు మిగుల్తయ్. అందుకే బండలన్న."

"వాన పడ్డంక కాదు దొరా. వానకు ముందల తీస్త."

వకీలు నవ్వారు. "ఇప్పుడేముంది తియ్యడానికి? చూడు, గరిక తప్ప ఒక్క ఆకు లేదు. లేనిదాన్ని ఎట్ల తీస్తవయ్యా?"

"మొలిపించి తీస్త."

వకీలు చెడ్డ మనిషి కాదు. తల్లి అంటే ప్రాణం. ఆ ప్రాణమే ఆయనను బండల దాకా తెచ్చింది. వెనక్కి తిరిగి చూశారు. సత్తెమ్మ కుర్చీలో కూర్చుని ఈ మాటలన్నీ వింటున్నది. పళ్లెంలో కాలి వేళ్లను కదిలిస్తున్నది.

"సరే. ఆరుద్ర కార్తె పెట్టిన పొద్దున నేనే చూస్త," అన్నారు వకీలు. "ఒక్క ముల్లు కనపడ్డా బండలు పడ్తయ్. మళ్ల నా ముందలకు రావొద్దు."

ఐలయ్య తండ్రి మిరప నారు పోసేవాడు. నారుమడిని ఎండలోనే ఒకసారి తడిపి వదిలేసేవాడు. కలుపు మొలవగానే పైపైన గీకేసి, అప్పుడు విత్తనం చల్లేవాడు. ఆ మడిలో ఇక కలుపు లేచేది కాదు. గింజకు పంచాంగం తెలియదు, తడి తగిలితే వానొచ్చిందనుకుంటుంది, అనేవాడు ముసలాయన. దానికి దొంగవాన అని పేరు పెట్టుకున్నాడు. ఐలయ్య పచ్చిక మీద ఆ పని ఎన్నడూ చేయలేదు. వానలు పడటం, కలుపు లేవడం, కూర్చుని పీకడం, ఇన్నేళ్లూ ఇదే వరస. పల్లేరు మాత్రం ఆ వరసకు లొంగేది కాదు. వానకు మొలిచిందంటే నెల తిరగకుండా నేలంటి పాకి, పూసి, కాసి, కొత్త ముళ్లు రాల్చేస్తుంది. అందుకని మృగశిర వానకంటే ముందే, రోహిణి ఎండలోనే దొంగవాన కురిపించాలి. మొలకలు లేవాలి. లేచినవాటిని గీకి ఎండకు పడెయ్యాలి. రోహిణికి ఉన్నవి పద్నాలుగు రోజులు.

దానికి ముందు ఇంకో పని ఉంది. మట్టిలోకి దిగని ముళ్లు గరికలోనే పడి ఉన్నాయి. వాటిని ఏరడానికి ఐలయ్య నార్సింగి దిక్కు పోయి కురుమ పోచయ్యను పిలుచుకొచ్చాడు. పోచయ్య రెండు పాత గొంగళ్లు భుజాన వేసుకుని వచ్చాడు. ఇద్దరూ ఒక గొంగడిని గరిక మీద పరిచి, మీద రాయి పెట్టి, చెరో కొసా పట్టుకుని మెల్లగా ఈడ్చారు. పది బారలు ఈడ్చి తిరగేస్తే గొంగడి అడుగున పల్లేరు కాయలు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి.

"అబ్బ, ఎన్ని ఉన్నయే," అన్నాడు పోచయ్య. "ఇగ ఈ గొంగడి కప్పుకునేటట్టు లేదు ఐలన్నా. నా పెండ్లాం ఇంట్లకు రానియ్యది."

"మీ గొర్లు తెచ్చినయే కద."

పోచయ్య చెయ్యి ఆగింది. "నీ నోట్లె నుంచి మాటే రాదు గని, వస్తే పల్లేరు లెక్కనే గుచ్చుకుంటది," అన్నాడు.

సంగతి ఇది. పోయిన ఏడు వానాకాలంలో, రజాకార్ల గడబిడ రోజుల్లో, వకీలు గారి కుటుంబం మద్రాసు రాజ్యంలోని చుట్టాలింటికి పోయింది. పోతూ పోతూ వకీలు గేటు తాళం ఐలయ్య చేతిలో పెట్టి, "ఎవరినీ లోపటికి రానియ్యకు," అన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే పోచయ్య ఇంటివాళ్లు, చుట్టుపక్కల మరో ఏడెనిమిది ఇండ్లవాళ్లు పిల్లాజెల్లతో, గొర్లమందతో వచ్చి ఆ ఎత్తు గోడల ముందు నిలబడ్డారు. ఐలయ్య తాళం వైపు చూశాడు, వాళ్ల వైపు చూశాడు. తాళం తీశాడు. ఇరవై రోజులు మనుషులు వరండాలో, గొర్లు గరిక మీద. పోలీసు యాక్షన్ అయిపోయి ఊళ్లు సద్దుమణిగాక వాళ్లంతా వెళ్లిపోయారు. ఐలయ్య గొర్ల పెంట ఎత్తి పోశాడు, గరిక సాపు చేశాడు, వకీలు గారు వచ్చేసరికి ఎక్కడా గుర్తు లేకుండా చేశాడు. గొర్ల బొచ్చులో దిగి వచ్చిన పల్లేరు మాత్రం అతని కంటికి ఆనలేదు.

ఇద్దరూ మూడు రోజులు ఈడ్చారు. చాటెడు కాయలు పోగయ్యాయి. ఐలయ్య వాటిని గుంటలో పోసి, ఎండుటాకు కప్పి కాల్చాడు. గింజ పూర్తిగా మాడిందా లేదా అని కట్టెతో కలిపి చూసి, మళ్లీ కాల్చాడు.

రోహిణి పెట్టింది. రోళ్లు పగిలే కార్తె అంటారు; ఆ ఏడు రోళ్లకు తోడు ఊరి మంచినీళ్ల బావి కూడా పగిలినట్టే ఎండిపోయింది. బంగళా మోటబావిలో మాత్రం రాత్రికి కొంత ఊరేది. ఎండాకాలం పొద్దున పూట ఊరి ఆడవాళ్లకు గేటు తెరిచి ఉంచాలన్నది సత్తెమ్మ ఎప్పుడో పెట్టిన కట్టుబాటు. ఐలయ్య తొలిపొద్దున మోట కట్టి, నీళ్లను కాలువలో పచ్చిక మీదికి మళ్లించే వేళకు, బిందెలు పట్టుకుని పదిహేను మంది వచ్చి నిలబడ్డారు. అందరికంటే ముందు ఐలయ్య పెండ్లాం చంద్రమ్మ.

"ఏమయ్యా, ఏం చేస్తున్నవు?"

"తడుపుతున్న."

"ఏం తడుపుతున్నవు?"

"కలుపు."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"కలుపు తీసెటోన్ని చూసినం గని, కలుపుకు నీళ్లు పెట్టెటోన్ని ఇప్పుడే చూస్తున్నం."

"చంద్రక్కా, మీ ఆయనకు ఎండదెబ్బ తాకింది. జేబుల ఉల్లిగడ్డ పెట్టి పంపలేదా?"

"పెట్టిననే. అది గూడ ఈ గరికల నాటిండేమో," అంది చంద్రమ్మ. నవ్వు ఆగాక గొంతు మారింది. "ముచ్చట కాదయ్యా. మందికి తాగ నీళ్లు లేవు. రెండు మోటలు తోడితే బాయి అడుగు కనపడ్తది. నువ్వు గడ్డికి పోస్తే మేం పిల్లలకు ఏం పొయ్యాలె?"

ఐలయ్య విప్పి చెప్పే మనిషి కాదు. ఎడ్లను ఆపాడు. తోడిన నీళ్లు బిందెల్లోకి పోయాయి. ఆ రోజు పచ్చిక మీద చుక్క పడలేదు. మర్నాడూ పడలేదు. పద్నాలుగు రోజుల్లో రెండు ఊరికే పోయాయి. ఇవాళ కాకపోతే రేపు తడుపుకుందాం అనుకోవడానికి లేదు. ఆలస్యంగా మొలిచినది అసలు వానకు చిక్కి బతికిపోతుంది.

మూడో రోజు పొద్దున వరండాలో నుంచి పిలుపు వచ్చింది.

"ఐలయ్యా, మోట ఎందుకు నిలిచింది?"

చెప్పాడు. నాలుగు మాటల్లో అయిపోయింది. సత్తెమ్మ బావి చుట్టూ మూగిన ఆడవాళ్లను కాసేపు చూసింది.

"వీళ్లు నీళ్లు ఇంటికి తీస్కపోయి ఏం చేస్తరు?"

"తాగుతరు. వండుతరు. బోళ్లు తోముతరు. పిల్లలకు పోస్తరు."

"తాగేటివి, వండేటివి తీస్కపొమ్మను. తోముడు, పోసుడు ఇక్కడనే కానియ్యమను. ఆ నీళ్లు గరిక మీదికే కద పోయేది."

ఐలయ్య తడికలు తేవడానికి పాక వైపు నడిచాడు.

మర్నాటి నుంచి బంగళా ముందర జాతరలాగా ఉండేది. పచ్చికకు పై అంచున తడికల చాటు కట్టాడు. ఆడవాళ్లు ఇంట్లో బోళ్లన్నీ గంపకెత్తుకుని వచ్చి అక్కడే తోముకుని, పిల్లలకు అక్కడే నీళ్లు పోసి, మంచినీళ్ల బిందె ఒక్కటి నెత్తిన పెట్టుకుని వెళ్లేవారు. మూడు బిందెల మోత ఒక బిందెకు తగ్గింది గనుక ఎవరికీ కష్టమనిపించలేదు. బూడిద నీళ్లు గరికకు బలమే. బట్టలు మాత్రం ఐలయ్య ఒప్పుకోలేదు.

"బట్టలుతికే సౌడు గరికను తింటది," అన్నాడు.

"మా ఇంట్ల ఇంత మాట మాట్లాడితే నాకు పండుగే," అంది చంద్రమ్మ.

తోముకునే రాళ్లను, తడికలను రోజుకు నాలుగు బారలు పక్కకు జరిపేవాడు. అందుకని తడి ఒక్కసారిగా అంతటా పడలేదు, రోజుకో పట్టీ చొప్పున పడింది. ఇది అనుకోకుండా కలిసొచ్చింది. తడిసిన మూడో రోజుకు మొదటి పట్టీలో మొలకలు లేచాయి. గరిక సందున రెండేసి చిన్న ఆకులు, పొడుగ్గా, వేలి గోటిలో సగం కూడా లేవు. మోకాళ్ల మీద కూర్చుని, కలుపు గీకే ఖుర్పీని పడుకోబెట్టి పైపైన గీకాడు. లోతుకు పోతే అడుగున నిద్రపోతున్న గింజ పైకొస్తుంది. అది ఇంకో ఏడాదికి బాకీ. గీకిన మొలక పొద్దెక్కేలోపు ఎండి పొడి అయ్యేది. మర్నాటికి రెండో పట్టీ మొలిచేది. ఒక్క మనిషి చేతికి సరిపోయినంత పని.

అట్లా ఒక పొద్దున అతను వరండా మెట్ల దగ్గర గీకుతున్నాడు. పోచయ్య కోడలు బుచ్చమ్మ, కాళ్లు బారచాపి, మోకాళ్ల కింద పసిపిల్లను బోర్లా వేసుకుని నీళ్లు పోస్తున్నది. కుర్చీలో నుంచి సత్తెమ్మ అడిగింది.

"పిల్లకు ఎన్నో నెల?"

"తొమ్మిదోది నడుస్తున్నదమ్మా."

"మీ అమ్మగారింట్ల కన్నవా?"

"లేదమ్మా, ఇక్కడనే," అంది బుచ్చమ్మ, పిల్ల వీపు రుద్దుతూ. "ఈ గరిక మీదనే. పేరేమో పోచమ్మ గని, మా వాడల అందరు గరికమ్మ అంటరు."

అన్నాక గాని నోరు జారానని ఆమెకు తెలియలేదు. ఖుర్పీ చప్పుడు ఆగిపోయింది. ఐలయ్య లేచి వచ్చి మెట్టు మీద కూర్చోకుండా, కింద నేల మీద కూర్చున్నాడు.

"గేటు నేనే తీసిన అమ్మా. దొర వద్దన్నడు. తీసిన. గొర్లను గూడ లోపటికి రానిచ్చిన. ఆ ముల్లు గొర్ల బొచ్చుల వచ్చింది. మీ వేలు..."

సత్తెమ్మ పళ్లెంలోంచి ఎడమ పాదం తీసి తుడుచుకుంది. వేలు లేని చోటును చూసుకుంది.

"ఏడు నెలల నుంచి ఈ పళ్లెంల నీళ్లు మారుస్తున్నవు. ఒక్కనాడన్న చెప్పలేదేంది?"

"నోరు రాలేదు."

"నీకు ఎప్పుడు వచ్చింది గనుక."

గొంతులో కోపం ఉంది. ఐలయ్య దానికి తల వంచాడు. బుచ్చమ్మ పిల్లను కొంగులో చుట్టుకుని లేవబోయింది.

"నువ్వెటు పోతున్నవు? తడిపిల్లను గాలికి తిప్పకు. ఇట్ల తే," అంది సత్తెమ్మ. పిల్లను ఒళ్లో పెట్టుకుని, తన పైట చెంగుతో తల తుడిచింది. చాలాసేపు తుడిచింది. "ఎంతమంది ఉంటిరి?"

"నలభై మంది దాకా," అన్నాడు ఐలయ్య.

"వండుకోను గింజలుండెనా?"

"సగం రోజులు ఉండె."

"నా కొడుకుకు నేను చెప్త. నువ్వు చెప్తే గడబిడ చేస్తవు." పిల్లను తల్లికి అందించింది. "పో, పని చూడు. ఎండ ఎక్కుతున్నది."

ఆ తర్వాత రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. అతను పళ్లెం మార్చేవాడు, ఆమె పాదాలు పెట్టేది, అంతే. మూడో రోజు, "ఐలయ్యా, ఆ గన్నేరు మూలకు నీళ్లు ఎక్కలేదు చూడు," అంది. అతను పరుగున పోయి చూశాడు. నిజంగానే ఎక్కలేదు.

మృగశిరకు ఇంకా మూడు రోజులుందనగా, మధ్యాహ్నం గుట్టల మీదికి మబ్బు లేచింది. రోహిణిలో వాన ఎప్పుడో గాని రాదు. నార్సింగి వైపు ఆకాశం నల్లగా దిగి, చల్లటి గాలి కొట్టింది. గన్నేరు మూల చివరి పట్టీ ఆలస్యంగా తడిసింది, అక్కడ మొలకలు ఆ పొద్దునే కళ్లు తెరిచాయి. వాన పడితే అవి వేరు దింపి, గరికలో కలిసిపోతాయి. ఒక్కడే మోకాళ్ల మీద పడి గీకడం మొదలుపెట్టాడు.

గేటు దగ్గర చంద్రమ్మ గొంతు వినిపించింది. "అగో, మొగుడు గరికల పొర్లుతుండు. రాండ్రే."

ఎనిమిది మంది వచ్చారు. బుచ్చమ్మ పిల్లను సత్తెమ్మ ఒళ్లో పడేసి వచ్చింది. ఖుర్పీలు లేవు, గోళ్లతోనే పట్టారు.

"ఇది పల్లేరేనా బావా?"

"అది గరిక. పీకకు."

"మరి ఇది?"

"అదే. రెండాకులది."

"ఇంత చిన్నదానికా ఇంత లొల్లి? మా అత్త లెక్క ఉంది, చూస్తె కనపడది, గుచ్చితె చెప్పరాదు."

నవ్వుకుంటూ, తిట్టుకుంటూ, చినుకులు వీపు మీద పడేదాకా పీకారు. పీకినవి కొంగుల్లో వేసుకుని వరండాలోకి పరిగెత్తారు. వాన పెద్దది కాలేదు, గడియసేపు దంచి పోయింది. ఐలయ్య మాత్రం తడుస్తూ అక్కడే కూర్చుని ఇంకో నాలుగు పీకాడు.

మృగశిర నాడు అసలు వాన పడింది. వారం తిరిగేసరికి గరిక ఆకుపచ్చగా, దట్టంగా లేచింది. ఐలయ్య తెల్లవారిందంటే మోకాళ్ల మీదే ఉండేవాడు. మొదటి మూడు రోజుల్లో రెండు పల్లేరు మొలకలు దొరికాయి. తర్వాత ఒకటి. ఆ తర్వాత అయిదు రోజులు ఏమీ లేవు. అయినా అతనికి అన్నం సయించలేదు.

ఆరుద్ర పెట్టిన పొద్దున బాలనర్సయ్య ఇద్దరు కూలీలతో వచ్చి బండల మీద కూర్చున్నాడు. వకీలు గారు కోర్టుకు పోయే బట్టలతోనే వరండా దిగారు.

"ఐలయ్యా, ఏమంటవు?"

"నడిచి చూపిస్త దొరా," అని ఐలయ్య గరిక మీద కాలు పెట్టబోయాడు.

"నువ్వు నడిస్తే ఏం తెలుస్తది? నీ అరికాళ్లు ఎద్దు గిట్టలు. పల్లేరు దిగినా వంగిపోతది." వకీలు మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పారు, మేజోళ్లు విప్పారు. పంట్లాం పైకి మడిచారు. పుట్టిన కాడి నుంచి నేల తగలని కాళ్లలాగా తెల్లగా ఉన్నాయి ఆ పాదాలు. బాలనర్సయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వకీలు పై అంచు నుంచి నడిచారు. ఈ చివర నుంచి ఆ చివరకు, అక్కడి నుంచి జానెడు పక్కకు జరిగి మళ్లీ ఇటు. కాగితం చదివినట్టు వరస తప్పకుండా నడిచారు. సత్తెమ్మ కుర్చీ అంచుకు వచ్చింది. ఐలయ్య ఆయన పాదాలనే చూస్తున్నాడు. సగం అయింది. ముప్పాతిక అయింది. కోర్టు వేళ దాటిపోతున్నదని డ్రైవరు ఒకసారి మోటారు తలుపు తీసి మూశాడు. ఎవరూ అటు చూడలేదు.

గన్నేరు మూల దగ్గర వకీలు ఆగిపోయారు. ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం తిప్పి చూసుకున్నారు. పాత కాయ, ఎండి తెల్లబడింది, ఒక్క ముల్లు లోపలికి దిగింది. లాగితే రక్తం బొట్టు వచ్చింది. నొప్పికి ఆయన మొహం చిట్లింది.

"ఏందిరా?" అంది సత్తెమ్మ.

"ముల్లు."

ఐలయ్య దగ్గరికి పోయి, చెయ్యి చాపి ఆ కాయ తీసుకున్నాడు.

"మాట మాటే దొరా. పరిపించుండ్రి," అన్నాడు. "ఇంకొకటి చెప్పేది ఉంది. పోయినేడు గేటు..."

"అమ్మ చెప్పింది. అది వేరే ముచ్చట, దాని సంగతి తర్వాత." వకీలు గరికలోనే చతికిలపడి కాలు పట్టుకున్నారు. "ఇంత చేసినంక గూడ ఇది ఎట్ల మిగిలింది?"

"ఒక కాయల అయిదు అరలుంటయ్. ఈ యేడు ఒకటి లేస్తది, వచ్చే యేడు ఒకటి. అన్నీ ఒక్కసారి లేవయ్. వచ్చే రోహిణికి మళ్ల దొంగవాన కొట్టాలె. ఆ పై రోహిణికి ఇంకొకసారి. మూడేండ్లకు నేల కడిగినట్టయితది."

"అయితే మూడేండ్ల దాకా ఏ పొద్దయినా ఒక్కటి ఉండొచ్చు."

"ఉండొచ్చు."

ఐలయ్య అబద్ధమాడి ఉంటే ఆ నిమిషంలోనే ఆడాలి. ఆడలేదు. వకీలు కొంతసేపు పాదం రుద్దుకున్నారు. రక్తం ఆగింది. తర్వాత ఆ పాదాన్ని గరిక మీద ఆనించి అట్లాగే ఉంచారు. రాత్రి వాన తడి ఇంకా ఉంది. ఆయన రెండో పాదం కూడా ఆనించారు.

"చల్లగున్నది," అన్నారు, ఎవరితోనో తెలియకుండా.

వరండాలో సత్తెమ్మ తన పాదాల వైపు చూసుకుంది.

"నాకైతే ముల్లు దిగంగనే తెలిసింది," అన్నారు వకీలు మెల్లగా. "అమ్మకు తెలువదు గని నాకు తెలుస్తది." లేచి, పంట్లాం దులుపుకున్నారు. "బాలనర్సయ్యా."

"సాబ్."

"బండలు బాయి కాడ పరువు. ఆడోళ్లు ఇప్పుడు అక్కడ తోముకుంటున్నరు, బురదైతున్నది."

మర్నాడు, సూర్యుడు రాకముందు, ఐలయ్య పచ్చిక అంచున గొంతుక్కూర్చున్నాడు. వకీలు పంచె ఎగగట్టి ఒట్టి కాళ్లతో ముందు నడుస్తున్నారు. అడుగు తర్వాత అడుగు, పాదం మొత్తం ఆనిస్తూ, సందు వదలకుండా. ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆయన అడుగు పడిన చోటే అడుగు వేస్తూ వెనకాల సత్తెమ్మ. ఏడు నెలల తర్వాత ఆమె పాదాలు గరికను తాకాయి. మొదటి నాలుగు అడుగులు ఆమె కళ్లు మూసుకునే వేసింది.

మూల దాకా పోయి తిరిగేసరికి వకీలుకు అలవాటు కొద్దీ నడక వేగం పెరిగింది.

"మెల్లగ నడువురా," అంది సత్తెమ్మ వెనక నుంచి. "కోర్టుకు పోతున్నవా ఏంది?"